తోమిన కన్ను

రత్నబాబుకి ఇంగ్లండులోని న్యూకాసిల్ ఆస్పత్రిలో నర్సు ఉద్యోగం. సెలవొస్తే మాత్రం మెటల్ డిటెక్టర్ భుజానేసుకుని, రైతుల్ని బతిమాలి అనుమతి తీసుకుని, వానా చలీ అనకుండా దున్నిన పొలాల్లో పాతకాలపు వస్తువుల కోసం తిరిగే పిచ్చి. దొరికేవి సీసా మూతలూ, ట్రాక్టరు బోల్టులూ. అక్కడి తెలుగు క్రైస్తవుల ఫెలోషిప్‌లో పెద్దాయన షాలేమ్ రాజు ప్రతి ఆదివారం అందరి ముందూ అడిగేవాడు: “ఏమయ్యా రత్నబాబూ, ఈ వారం ఎన్ని మూతలు పండినియ్యి?” రత్నబాబు నవ్వేసేవాడు గానీ లోపల చివుక్కుమనేది. మ్యూజియంలో ఏదో ఒక అద్దాలపెట్టె మీద తన పేరుండాలి, అంతే అతని కోరిక.

ఓ శనివారం డిటెక్టర్ కూసిన చోట వేలెడు తాళంచెవి బయటపడింది. పళ్లు చిలుము పట్టి పచ్చగా ఉన్నాయి, పిడికి మట్టి గడ్డకట్టుకుపోయింది. ఇలాంటివి బొమ్మల్లో ఎన్ని చూశాడో! ఒకప్పుడు ఈ దేశాన్నేలిన రోమన్లదే అయ్యుండాలి. ఇంటికొచ్చి దాన్ని సింకు పక్కన పెట్టి, మ్యూజియానికి ఫోన్ చేయడానికి మేడెక్కాడు.

“ఎట్టి పరిస్థితుల్లోనూ దాన్ని శుభ్రం చేయకండి,” అంది ఫోన్లో మ్యూజియం ఆవిడ, మొట్టమొదటి మాటగా.

రత్నబాబు మెట్లు దూకుతూ కిందికొచ్చాడు. ఫెలోషిప్‌లో ప్రభువు సంస్కారానికి రొట్టె పంచే ఇత్తడి పళ్లేలు తోమే వంతు ఆ నెల అతని భార్య హెప్సిది. చింతపండు, ఉప్పు పట్టించి తోముతూ తోముతూ, పక్కనున్న తాళంచెవినీ అప్పటికే అందుకుంది.

“హెప్సీ, ఏం చేశావే?”

“చిలుము పట్టిందని తోముతున్నానండీ. మధ్యలో కన్ను బయటపడి నన్నే చూసింది. భయమేసి ఆపేశాను.”

నిజమే. పిడి మీద మిరియపు గింజంత కన్ను తళతళలాడుతోంది. చేతికందిన పేరు చింతపండు నీళ్లలో కొట్టుకుపోయిందనుకున్నాడు రత్నబాబు. అరుద్దామనుకున్నాడు గానీ హెప్సి మొహం చూశాక, తాళంచెవిని మెత్తటి గుడ్డలో చుట్టి, ఆమెని వెంటబెట్టుకుని మ్యూజియానికి బయల్దేరాడు.

మ్యూజియం ఆవిడ భూతద్దంలో చూసి నిట్టూర్చింది. లోహాన్ని కాపాడే చిలుము ఒకసారి పోతే తిరిగి రాదంది. తప్పు తనదేనని హెప్సి ముందే చెప్పేసింది. తాళంచెవిని అక్కడే వదిలి, ఇద్దరూ ఇల్లు చేరారు.

కొన్ని వారాలకి ఫోనొచ్చింది. మట్టి ఒలిస్తే కింద సింహం తల ఉందట. రోమన్ల కాలానిదేనట, అనుమానం లేదట. పొలం తనది కాబట్టి వాటా ఉన్న రైతు కూడా దాన్ని మ్యూజియానికి ఇచ్చేయడానికి ఒప్పుకున్నాడట. మెరిసే కంటికి మిగతాదానితో కలిసేలా రంగు వేయబోయారు గానీ, పని జరిగే గది చూడ్డానికొచ్చిన బడిపిల్లలంతా దాని దగ్గరే ఆగిపోతుంటే మనసొప్పక అలాగే ఉంచేశారట.

ప్రదర్శన మొదలైన రోజు ఫెలోషిప్ అంతా దిగింది. షాలేమ్ రాజు కళ్లజోడు సవరించుకుని, అద్దాలపెట్టె మీది అక్షరాలు తెలుగులో చెప్పాడు. “రోమన్ తాళంచెవి. కనుగొన్నది రత్నబాబు. కుడి కన్ను తోమింది హెప్సి.”

హెప్సి కొంగుతో కళ్లు ఒత్తుకుంది. రత్నబాబు ఛాతీ పొంగింది.

“మళ్లీ చదవండంకుల్,” అన్నాడు. “వెనకాల వాళ్లకి వినపళ్లేదు.”

ఈసారి షాలేమ్ రాజు గొంతు పెంచి చదివాడు.