మనూర్ బడికి సీడీలు

"అన్నీ నేనే తయారు చేసిన మేడం," అన్నాడు మా ఆయన పర్వేజ్. చాయ్ ట్రేతో నేను అప్పుడే షాపులో అడుగుపెట్టాను. మా ఇంటి ముందుగదే ఆయన కంప్యూటర్ షాపు.

ట్రే పడలేదు. సినిమాల్లో పడుతుంది. ఇళ్లల్లో ఆ పెంకులు ఏరుకోవాల్సింది కూడా మనమే కాబట్టి పడనివ్వం.

మనూర్ బడిలో పది పాత కంప్యూటర్లున్నాయి. ఒక్కదానిలోనూ హార్డ్‌డిస్క్ పనిచేయదు. సీడీ పెట్టగానే అందులోంచే లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ నడవాలని హెడ్‌మిస్ట్రెస్ వినోద ఆయన్ని అడిగితే, 2009లో నాలుగు నెలలు దానిమీద కూర్చున్నది నేను. మా నారాయణఖేడ్ ఇంటర్నెట్‌లో ఒక్క పాట దిగేలోపు కుక్కర్లో పప్పు ఉడికిపోతుంది. అందుకని హైదరాబాద్‌లో చదివే మా చెల్లెలు సిద్రా చేత డీవీడీలు తెప్పించాను. వేల సాఫ్ట్‌వేర్ ప్యాకేజీలను మా కంప్యూటర్లోకే ఎక్కించి, నెట్ ఊసు లేకుండా వాటితోనే సీడీ తయారయ్యేలా చేశాను. తెలుగు అక్షరాలు గళ్లుగళ్లుగా ఎందుకు కనిపిస్తున్నాయో జొన్న పిండి చేతులతోనే వెతుక్కున్నాను. అప్పుడు ఆయన వెనక నిలబడి అన్నది ఒక్కటే మాట: "ఇగ గా ఆటలు చాలుగాని, నా అంగీ ఇస్త్రీ చెయ్."

నేను నిర్ఘాంతపోయింది ఆయన అబద్ధానికి కాదు. "మంచిగ చేసిండమ్మా మీ ఆయన," అని వినోద మేడం నావైపు తిరిగితే, అవునన్నట్టు తల ఊపింది నేనే. పదకొండేళ్ల అలవాటు. నన్ను అడక్కుండానే మెడ పని కానిచ్చేసింది.

"పర్వేజ్, టెన్త్ పిల్లలకు గ్రాఫులు గీసే సాఫ్ట్‌వేర్ గూడ గండ్ల పెట్టియ్యి. వారానికి రెండు దినాలు వచ్చి నేర్పెటందుకు ఒక మనిషి గూడ కావాలె. నువ్వొస్తవా?"

"వస్త మేడం. గ్రాఫులది మాత్రం హైదరాబాద్ నుంచి తెప్పించాలె. నెల పడ్తది."

నెల! అది ఆయన మోచేతి పక్కనున్న కంప్యూటర్లోనే ఉంది. తానే చేశానని చెప్పుకున్న దానిలో ఏముందో ఒక్కసారైనా తెరిచి చూడలేదన్న మాట. నా పని తీసుకున్నాడు సరే, దాని ముఖమైనా చూసి తీసుకోలేదు.

"బహూ, చాయ్ సల్లారుతున్నది!" లోపల్నుంచి అత్తమ్మ హాజిరాబీ కేక.

ట్రే ఆయన చేతుల్లో పెట్టాను. "మేడంకు మీరియ్యిండ్రి."

కుర్చీ లాక్కుని, సీడీలోకి ఎక్కాల్సిన వాటి జాబితాలో గ్రాఫులదాని పేరు చేర్చి, సీడీ మళ్లీ తయారు చెయ్యమని కంప్యూటర్‌కు చెప్పాను. తెర మీద వరసలు పరుగెత్తాయి. ట్రేతో అలాగే నిలబడ్డ ఆయన చేతుల్లోంచి వినోద మేడమే కప్పు తీసుకుంది. ఇరవై నిమిషాలకు వెచ్చటి సీడీ బయటికొచ్చింది.

"గిదంత నువ్వే చేసినవా అర్షియా?"

"నేనే మేడం."

"అరె, ఆమెకు ఇంట్ల పనికే టైం దొరకది..." అందుకున్నాడు ఆయన.

"మనూర్‌కు పొద్దుగాల మొదటి బస్సు ఎన్ని గంటలకు మేడం?" అన్నాను.