చాపకు చెప్పిన కథ

పెద్ద వరద వంతెనను పట్టుకుపోయిన మూడో ఏడు అది.

ఏరు అప్పటికీ తేటపడలేదు. బురద వాసన. ఎర్రగా, మందంగా, ఎవరో తరిమినట్టు పారే నీళ్ళు...

వెరెనైకి గడపలో కూర్చున్నాడు.

లోపలికి పోడు. బయటికీ పోడు.

లోపల అక్క ఉంది — మేరెసెయిని. అక్క కూర్చున్న చాప మీద తమ్ముడు కూర్చోడు. అక్కతో తమ్ముడు నోరు విప్పడు. తాతల నాటి మర్యాద అది. పాలపళ్ళు ఊడిన నాటి నుంచి, ఈ తల నెరిసేదాకా, ఆమెతో ఒక్క మాట ఆడి ఎరగడు.

నడుమ బావ ఉండేవాడు. అక్క మొగుడు, సైమోనె. ఒకరినొకరు బావా అనే పిలుచుకునేవారు.

ఆ చివర అక్క. ఈ చివర తను. మధ్య చాప మీద బావ. ఎదురుగా టీవీ. శనివారం శనివారం, పొద్దుగూకే వేళ, ఇంగ్లీషు సీరియల్.

ఏ దేశమో. ఎప్పుడూ వానే. మంత్రినెవరో చంపారు. చంపినవాణ్ణి ఇంకెవరో చంపారు. ఒక బట్టతలవాడు గొడుగేసుకుని నడుస్తాడు... ఆగుతాడు... వెనక్కి చూస్తాడు.

ఎందుకు చూస్తాడో వెరెనైకికి తెలీదు.

చూసినప్పుడల్లా గుండె ఝల్లుమనేది.

అది చాలు.

ఇంగ్లీషు అక్కకే వచ్చు. పెళ్ళికి ముందు పట్నంలో దొరల ఇంట పనిచేసింది. మీ బావకి చెప్పు, ఆ బట్టతలవాడు పోలీసు — అనేది మొగుడితో. సైమోనె గడప వైపు తిరిగి చెప్పేవాడు. ఉన్నదున్నట్టు చెబితే వాడు బావెందుకవుతాడు? ఒక వారం బట్టతలవాడు దొంగ. ఇంకో వారం మంత్రికి తప్పిపోయిన తమ్ముడు. ఒకసారైతే దయ్యం. వెరెనైకి బుర్ర గోక్కునేవాడు.

"నీ బుర్ర చిరిగిన వల, బావా. ఎన్ని చేపలేసినా కిందికే" అనేవాడు సైమోనె.

"నీ నోట్లో పడితే రొయ్య కూడా సొరచేపే, బావా."

యాంగోన వేరు దంచి కలిపిన మత్తునీళ్ళు పోసిన కొబ్బరిచిప్ప చేతులు మారేది. ఆ చివర అక్క నవ్వేది. ఆ నవ్వు విన్నట్టు తమ్ముడు కనబడేవాడు కాదు.

ఇప్పుడు చాప ఖాళీ.

బావకి దగ్గు పట్టుకుంది. దగ్గులో నెత్తురు పడింది. పట్నానికి, సువా ఆస్పత్రికి తీసుకుపోయారు. అక్క వెంట వెళ్ళింది.

ఇవాళ అక్క ఒక్కతే వచ్చింది. అవతలి ఒడ్డు దాకా లారీలో, ఇటు తెప్ప మీద.

ఊరంతా చర్చిలో రేపటి పాటలు నేర్చుకుంటోంది. అడగడానికి నడుమ మనిషి లేడు. తెలిసింది ఆమెకి. తెలియాల్సింది ఇతనికి.

బావ బతుకుతాడా?

పళ్ళ వెనకే ఉంది ఆ మాట. మింగుడుపడదు... బయటికి రాదు.

అక్క టీవీ పెట్టింది. గడప వైపు తిప్పింది. రమ్మని పిలవడమంటే అదే. ఇవాళ సీరియల్ ఆఖరు.

వాన. గొడుగు. బట్టతలవాడు.

వెరెనైకి చూస్తున్నాడు. చూడటమూ లేదు. అరచెయ్యి గడపను రాస్తూనే ఉంది.

ఆ చివర నుంచి అక్క గొంతు. అతనితో కాదు.

ఖాళీ చాపతో.

"మీ బావకి చెప్పు. బట్టతలవాడు ఎవరి తమ్ముడూ కాదు. మొదట్నించీ పోలీసే. తిరగడం వాడి ఉద్యోగం."

అంతేనా... ఆ దొంగా, ఆ తమ్ముడూ, ఆ దయ్యమూ పోయి — ఇంతేనా. కథ తేటపడింది. చప్పబడింది. వెరెనైకికి బావ కథే కావాలనిపించింది. ఆ అర్థం కానిదే.

తెర మీద ఎవరో పరుగెడుతున్నారు.

అక్క టీవీ గొంతు తగ్గించింది.

"మీ బావకి చెప్పు... నీ ఊపిరితిత్తులు రెండూ పోయాయన్నారు. ఇంక చేసేదేం లేదట. ఇంటికి తీసుకుపొమ్మన్నారు."

తెర మీద ఆస్పత్రి లేదు. వానే ఉంది.

"ఆఖరు వారం కథ మా బావే చెప్పాలి, ఇంకెవరు చెప్పినా విననని మంచం మీద గొడవ చేస్తున్నావుగా. అదీ చెప్పు."

వెరెనైకి తిరిగాడు. అక్క వైపు కాదు. చాప వైపు.

"బావా... మీ ఆవిడకి చెప్పు. నేను పోయి నిన్ను తెస్తాను."

తెర మీద ఎవరో ఎవర్నో కాల్చారు. ఎవరని ఇద్దరూ అడగలేదు.

తెల్లవారితే ఆదివారం. ఆదివారం దేవుడి రోజు, ఊళ్ళో వంట తప్ప ఏ పనీ చెయ్యరు. చర్చి ముందు చెక్కడోలు మోగుతోంది. తెల్లబట్టలు కట్టుకున్న ఊరంతా గట్టు మీద నిలబడి చూస్తుండగా, వెరెనైకి వెదురు తెప్ప విప్పాడు. పాస్టరు పిలిచాడు. వినబడింది. గడ వేశాడు.

గడ వేస్తూ గొణుక్కుంటున్నాడు —

మంత్రి తమ్ముడేరా, బావా. నువ్వన్నట్టే. తప్పిపోయిన తమ్ముడే... గొడుగు మూసి ఇంటికొచ్చాడు... వచ్చి...

వచ్చి ఏం చేశాడో ఇంకా దొరకలేదు.

కింద నీళ్ళు. ఎర్రగా, మందంగా, ఎవరో తరిమినట్టు...