మెల్లగా దించే విద్య

"అక్క ఆదివారం వస్తోంది. ముందుగది ఖాళీ చేసి మంచం వేయించు" అన్నాడు భర్త. తడి దుప్పటి రెండో కొస పట్టుకోమని ఆమె చాపిన చెయ్యి ఆయన చూడలేదు. "తుంటి విరిగాక లేవలేకపోతోంది పాపం. అయినా నువ్వున్నావుగా, చెయ్యి తిరిగినదానివి."

ఆమె దుప్పటి కొసను కొక్కేనికి తగిలించి తనే మెలిపెట్టి పిండింది. శనివారం తను ప్రదర్శనలకు ఊళ్లు తిరగడానికి బయలుదేరాలి. ఆ సంగతి ఆయనకు ఎప్పటినుంచో తెలుసు.

"మరి నా ప్రయాణం?"

"ప్రయాణం ఎక్కడికి పోతుంది? వచ్చే ఏడు వెళ్లొచ్చు. వాళ్లకేం, పడటానికి ఇంకెవరైనా దొరుకుతారు" అని తన హాస్యానికి తనే నవ్వుకున్నాడు.

నిజమే, పడటమే ఇప్పుడు ఆమె పని. దెబ్బ తగలకుండా ఎలా పడాలో, పడేవాళ్లను ఎలా దించాలో నాటకాల వాళ్లకు నేర్పుతుంది. ఈ విద్య ఆమెకు ఏ గురువూ చెప్పలేదు. అత్తగారు పక్షవాతంతో మంచాన పడ్డాక, ఆ మంచం పక్కనే వచ్చింది. మొదట్లో చంకల కింద చేతులు పెట్టి గుంజేది. "మూటననుకున్నావటే? నాలోనూ ఎముకలున్నాయి!" అని అత్తగారు కసిరేది. పోనుపోను ఇద్దరి ఊపిరీ ఒకటయ్యేదాకా ఆగడం, మోకాళ్లు వంచడం, ముసలామె బరువును తన తుంటి మీదకు జార్చుకోవడం ఒంటికి పట్టుబడ్డాయి. చివరి రోజుల్లో ఆవిడ కోడలి చేతుల్లో గాలికి ఊగినట్టు లేచి కూర్చునేది. ఆవిడ పోయాక వచ్చినవాళ్లంతా కొడుకు చేతులు పట్టుకుని, "తల్లిని పువ్వుల్లో పెట్టి చూసుకున్నావయ్యా" అన్నారు. కోడలు వాళ్లకు కాఫీలు అందిస్తూ ఆ మాట విన్నది.

మనిషి పోతే ఏడుపు కళ్లకు రావాలి. ఆమెకు చేతులకు వచ్చింది. తెల్లారేసరికి అవి వాటంతటవే వంగి లేచేవి, ఎత్తడానికి మనిషి లేక ఊరికే దిగేవి. ఆ మీదట నడుం నొప్పి పట్టుకుంది. నొప్పి తగ్గడానికి వ్యాయామం నేర్పే చోటికి వెళ్లింది. అదే హాల్లో తరవాతి గంట నాటకాల వాళ్లది. ఒకరోజు నిచ్చెన మీంచి ఒక నటుడు జారాడు. చెప్పులు వేసుకుంటున్న ఆమె ఎప్పుడు వెళ్లిందో తెలియదు, అతను మడతపెట్టిన దుప్పటిలా నేలకు దిగాడు.

"పిన్నీ, ఇప్పుడేం చేశారు మీరు?" అంది దర్శకురాలు. ఆమెకు కూతురయ్యే ఈడు పిల్ల.

"ఏం చేశానమ్మా? పడుతుంటే పట్టుకున్నాను."

"పట్టుకోలేదు. దించారు."

అలా మొదలైంది. ఒంటికి తెలిసినదాన్ని నోటితో చెప్పడానికి చాలా కష్టపడింది. దానికి తోడు ఆమె కళ్లముందు ఎవరూ పడకూడదు. ఒకసారి నాటకం తాలీములో రాజు వేషం వేసినతను కత్తిపోటు తిని ఒరిగిపోతుంటే తెరచాటు నుంచి పరిగెత్తుకొచ్చి ఒడిసిపట్టింది.

"పిన్నీ, ఆయన చచ్చిపోవాలి!"

"చావనీ తల్లీ, తల పగలకూడదుగా!"

అందరూ పొట్టలు పట్టుకుని నవ్వారు.

తరవాత ఆమె తనకంటూ ఒక ప్రదర్శన కట్టుకుంది. వేదిక మీద ఖాళీ మంచం, ఆమె. లేని మనిషిని లేపుతుంది, కూర్చోబెడుతుంది, తల దువ్వుతుంది, మెల్లగా పడుకోబెడుతుంది. చూసేవాళ్లకు ముసలామె కనబడుతుంది. ఆఖర్న చేతులు విడిచి పక్కకు నడవాలి. అది మాత్రం చాలాకాలం చేతకాలేదు. విడిస్తే అత్తగారు రెండోసారి పోతుందేమోనని భయం. చివరికి విడవగలిగిన రోజు ఇంటికి నడుస్తుంటే తన కాళ్లు తనవేనని, తన ఒంట్లో తను తప్ప ఇంకెవరి బరువూ లేదని మొదటిసారి తెలిసింది.

భర్త ఒకసారి వచ్చి చూశాడు. "ఇంట్లో అందరూ చేసేదేగా, దీనికి చప్పట్లెందుకు?" అన్నాడు.

ఇప్పుడు మళ్లీ మంచం. ఒళ్లు అలవాటుకు లొంగే జీవి, వారం తిరక్కుండా పాత వంపులోకి వెళ్లిపోతుందని ఆమెకు తెలుసు. వచ్చే ఏడు అన్న మాట మీదా నమ్మకం లేదు. మళ్లీ వస్తామని గుమ్మం దిగి, తిరిగి రానివాళ్లు ఆమెకు చాలామందే ఉన్నారు. వదినగారి మీద కోపం లేదు, జాలే. దుప్పటి ఆరేసి ఆవిడకు ఫోన్ చేసింది.

"నన్ను మాత్రం ఎవరడిగారే?" అంది వదిన. "ఆదివారం కారు వస్తుంది, ఎక్కమన్నాడు నీ మొగుడు. అంతే."

అయితే చెప్పాపెట్టకుండా ఎత్తి ఇంకోచోట పెడుతున్నది తననొక్కదాన్నే కాదన్నమాట.

"మీరు తప్పకుండా రండి వదినా. స్నానానికి, బట్టలు మార్చడానికి ఆయాతో మాట్లాడతాను. లేపి కూర్చోబెట్టేది మాత్రం మీ తమ్ముడు."

"వాడా!" వదినకు నవ్వాగలేదు. "చెంబెడు నీళ్లు తెమ్మంటే సగం ఒలకబోసుకొచ్చేవాడే!"

"నేర్పిస్తాను."

శుక్రవారం మధ్యాహ్నం ముందుగదిలో మంచం వేయించి భర్తను పిలిచింది. "నేను పడతాను. మీరు దించండి."

"పిచ్చా నీకు? నా నడుం..."

"నడుం కాదండీ, మోకాళ్లు వంచండి. నా ఊపిరి వినండి."

ఆయన గొణుక్కుంటూనే చేతులు చాపాడు. ఆమె కళ్లు మూసుకుని ఒళ్లంతా వదిలేసింది. ఎంతోమందిని దించింది కానీ ఇలా ఒకరి మీద పూర్తిగా వాలడం ఎరగదు. ఆయన తూలాడు, గోడకు జారగిలబడ్డాడు, చివరికి ఇద్దరూ నేలమీద కూలబడ్డారు. ఆమె తల ఆయన ఒళ్లో ఉంది. ఆయన రొప్పుతున్నాడు.

"ఇంత బరువుంటావనుకోలేదు" అన్నాడు.

"అత్తయ్య నాకంటే బరువు."

ఆమె లేచి, చీర సర్దుకుని, ఆయనకు చెయ్యి అందించింది.

"లేవండి, మళ్లీ చేద్దాం. సాయంత్రానికల్లా మీకు వచ్చెయ్యాలి. తెల్లారితే నా బండి."