సూదిలో దారం ఎక్కించే ముసలావిడ

మ్యూజియం మూలగదికి ఇరవై ఏళ్లుగా కాపలా కాస్తున్న ఆయనకు అక్కడున్న బొమ్మలన్నిటిలోకీ ఒక్కటే ప్రాణం. అందులో ఓ ముసలావిడ కళ్లు చికిలించి సూదిలో దారం ఎక్కించుకుంటూ ఉంటుంది.

ఆ రోజు ఒక కళావిమర్శకుడు శిష్యులను వెంటేసుకుని వేంచేశాడు. బొమ్మ పక్కనే గోడకు దర్జాగా చేరగిలబడి, "ఆ కళ్లలో యుగాల దుఃఖం చూశారా!" అన్నాడు. ముసలావిడ చేతిలోని సూది మాత్రం ఆ మహానుభావుడి కంటికి ఆనలేదు. ఆపైన అరగంటసేపు, ఎవరూ పట్టించుకోని చిత్రకారుల కోసం గొంతు చించుకున్నాడు.

"ఇంత గొప్ప బొమ్మ వేసినా, పాపం, పేరైనా మిగల్లేదు!" అంటూ రుమాలుతో కళ్లొత్తుకున్నాడు. శిష్యులు ఆ ముక్క కూడా బుద్ధిగా రాసుకున్నారు.

కాపలాదారుకు ఒళ్లు మండింది.

"కాస్త పక్కకి జరగండి సార్. బొమ్మ వేసినావిడ పేరు రాసిన పలక మీ వీపు వెనకే ఉంది."