నొక్కిన డబ్బీలు

మా ఆఫీసు మూడో అంతస్తులో ఒక కాఫీ యంత్రం ఉంది. మనిషికో గుక్కెడు కాఫీ, గుక్కెడుకో అల్యూమినియం డబ్బీ. దాన్ని పాడ్ అంటారు. అక్కడి వంటగది చూసుకునే మా వదిన మాత్రం మొదటిరోజే ‘పాడు’ అని పేరు మార్చేసింది.

“తాగేది గుక్కెడు, పారేసేది గంపెడు! ఇవి మట్టిలో ఎన్నాళ్లు పడుంటాయి మరిదీ?”

“మన మనవలు రిటైరయ్యేదాకా!”

నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు. ఆ రోజు నుంచి ప్రతి డబ్బీ మూతా చెంచా కాడతో చీల్చి, పిప్పి మొక్కల కుండీల్లో వేసి, డబ్బీ కడిగి ఆరబెట్టి సంచిలో వేసేది. సంచి ఇట్టే నిండిపోతోందని విసుక్కుంటే, బిళ్లల్లా నొక్కెయ్యమని నొక్కి చెప్పింది నేనే. ఆరేళ్లు నొక్కింది. బొటనవేలు వాచి పక్కకు తిరిగింది. నెలనెలా ఆ సంచిని రీసైక్లింగ్ బండిలోకి నేనే ఎక్కించేవాణ్ణి.

ఈ ఏడు వదిన మంచం పట్టింది. డాక్టరు మందుల మాట మానేసి, ఏది ఇష్టమైతే అది పెట్టమన్నాడు. ఆవిడ డబ్బీలు తెమ్మంది. పడుకునే నొక్కేది.

“ఈ లోకంలో చెత్త కాస్తయినా తగ్గించి పోతున్నాను. సంచి పంపడం ఆపకు.”

మొన్న బండి రాలేదు. సంచి భుజాన వేసుకుని చెత్త వేరుచేసే కేంద్రానికి నేనే వెళ్లాను. అక్కడి మేస్త్రీ విప్పి చూసి నిట్టూర్చాడు.

“ఈ బిళ్లలు పంపేది మీరేనా సార్? సంచి కోసి బెల్టు మీద పోస్తాం. ముందు జల్లెడ ఉంటుంది. ఇవన్నీ కన్నాల్లోంచి జారి చెత్తగుట్టకి పోతాయి.”

“శుభ్రంగా కడిగినవయ్యా!”

“జల్లెడకేం తెలుసు సార్? నొక్కకుండా గుండ్రంగా ఉంటే కొన్నయినా పైన ఆగేవి. నొక్కినవాటిలో ఒక్కటీ ఆగదు.”

సంచి అక్కడే వదిలేసి వదిన దగ్గరికి వెళ్లాను.

“ఏంటి మరిదీ, మొహం కాఫీ పిప్పిలా ఉంది? సంచి చేరిందా?”

వదినకు నేను చెప్పిన అబద్ధాలన్నీ జోకులే. జోకు కాని అబద్ధానికి నోరు తిరగలేదు. ఉన్నదంతా చెప్పేశాను.

“అన్నీ పోయాయా?”

“అన్నీ. నొక్కమన్నది నేనే కదా వదినా.”

తిట్టలేదు. కనీసం తిట్టినా బతికిపోయేవాణ్ణి. దుప్పటి మీదున్న బిళ్ల ఒకటి తీసుకుంది. వాచిన బొటనవేలి గోరు మడతలోకి దూర్చి, దాన్ని మళ్లీ గుండ్రంగా విప్పబోయింది. రేకు చిరిగింది.

దాన్ని పక్కన పెట్టి, ఇంకొకటి తీసుకుంది.