ముప్పై ఏడో మెట్టు

ఆ బిల్డింగ్‌లో వాటా అద్దెకిచ్చేటప్పుడు ఓనరు మూడు సంగతులు చెప్పేవాడు. నీళ్ళు రెండు పూటలా వస్తాయి. డాబా మీద బట్టలారేసుకోవచ్చు. మెట్లు మాత్రం రోజూ లెక్కపెట్టుకోవాలి.

రెండో అంతస్తుకి ముప్పై ఆరు. ఎవరికైనా ఒకటి ఎక్కువ తగిలిందంటే వాళ్ళకి ఇక వారం కూడా లేనట్టే. పై వాటాలో ఉండే లెక్కల మాస్టారికి ఓ సోమవారం ఒకటి ఎక్కువొచ్చింది. లెక్కల మాస్టారు కదా, తప్పు తనదేమోనని కిందికి దిగి మళ్ళీ ఎక్కి చూసుకున్నాడు. తర్వాత బీరువా తాళాలు భార్య చేతికిచ్చి, గడ్డం గీయించుకొచ్చాడు. గురువారం పోయాడు. దీని గురించి ఆ బిల్డింగ్‌లో ఎవరూ పెద్దగా మాట్లాడుకోరు. బయటినుంచి వచ్చినవాళ్ళని ఇంట్లోవాళ్ళు “ఎన్ని?” అంటారు, వాళ్ళు “అవే” అంటారు, అప్పుడు చెప్పులు విప్పుకుంటారు.

రెండో అంతస్తులో ఉండే బైండర్‌కి లెక్కపెట్టడం ఒకరు చెప్పక్కర్లేదు. ముప్పై ఏళ్ళుగా పుస్తకాలకి బైండింగ్ చేస్తున్న వేళ్ళు అవి. టీ తాగుతున్నా బల్ల మీద ఏదో ఒకటి లెక్కపెడుతూనే ఉంటాయి.

యాభై రెండో ఏట అతని గుండె రక్తనాళంలో స్టెంట్ వేశారు. ఇంటికి పంపే రోజు డాక్టరు తలుపు దగ్గర నిలబడే చెప్పాడు: “ఆయాసం, నొప్పి లేకుండా రెండంతస్తులు ఎక్కగలిగితే మెల్లగా అన్నీ మామూలే. మిగతాదంతా పుస్తకంలో ఉంది, చదువుకోండి.” ఆ ‘అన్నీ’లో ఏమేం ఉన్నాయో అడగడానికి బైండర్‌కి నోరు రాలేదు. పక్కన భార్య ఉంది. ఆ పక్కన కూతురి వయసు నర్సు ఉంది.

పుస్తకమంటే ఇరవై నాలుగు పేజీలు, రెండు పిన్నులు. ఆ పిన్నులు చూసి అతనికి ఒళ్ళు మండింది. గుండెలోకి తీగ పంపి బాగుచేసినవాళ్ళకి నాలుగు కాగితాలు కుట్టడం చేతకాలేదా అని దారి పొడుగునా సణిగాడు. ఇంటికి రాగానే మంచం మీద కూర్చునే దాన్ని విప్పి, దారంతో కుట్టి, గట్టి అట్ట వేశాడు. చేతులు ఇంకా వణుకుతూనే ఉన్నాయి, జిగురు కాస్త ఎక్కువే పడింది.

భార్య కళ్ళజోళ్ళ షాపులో పనిచేస్తుంది. ఆసుపత్రినుంచి వచ్చిన రాత్రే ఆమె మంచం మధ్యలో ఒక దిండు పెట్టింది. అతను గట్టిగా ఊపిరి తీసినా లేచి కూర్చునేది. అతను చెయ్యి చాపితే ఆ చేతిని మెత్తగా వెనక్కి పెట్టి, దుప్పటి కప్పేది. రెండు నెలలైంది. ఇక తనొక రోగి, ఆమె ఒక నర్సు, అంతే కాబోలనుకున్నాడు బైండర్. ఆ మాట తలుచుకుంటే స్టెంట్ వేసినప్పటి కంటే ఎక్కువ నొప్పెట్టేది.

బైండర్ మళ్ళీ పనికెక్కిన ప్రెస్సులో మెషిన్ నడిపే సోడాకి ఈ సంగతి తెలిసింది. ఏ మాటకైనా బుస్సుమని పొంగుతాడు కాబట్టి అతని పేరు సోడా.

“నీ గుండె బాగానే ఉంది బావా, ధైర్యమే జారిపోయింది,” అని కాగితంలో చుట్టిన నీలం బిళ్ళ ఒకటి జేబులో పెట్టాడు. “గంట ముందు వేసుకో. డాక్టర్ని అడగబోకు. వాళ్ళు దేనికైనా వద్దనే అంటారు.”

శనివారం ఒంటిపూట పని. భార్యకి ఆ రోజు సెలవు. మూడింటికి బైండర్ జేబు తడుముకుంటూ మెట్లెక్కాడు. ముప్పై నాలుగు, ముప్పై అయిదు, ముప్పై ఆరు. కాలు గడప ముందు పడాలి. ఇంకో మెట్టు మీద పడింది.

అన్నిటిలాంటి మెట్టే. అంచు అరిగి, మధ్యలో కాస్త గుంటపడి, ఎన్నో ఏళ్ళుగా అక్కడే ఉన్నట్టుంది. అతను కిందికి దిగి, గోడ పట్టుకుని మళ్ళీ ఎక్కాడు. ముప్పై ఏడు. ఈసారి ఛాతీలో ఎవరో పిడికిలి బిగించినట్టయింది.

“ఎన్ని?” అంది భార్య లోపలినుంచి.

“అవే,” అన్నాడు. పాతికేళ్ళ కాపురంలో ఆ ప్రశ్నకి అతను చెప్పిన మొదటి అబద్ధం.

నొప్పికి నాలుక కింద పెట్టుకునే మాత్ర పెట్టుకుని కుర్చీలో కూలబడ్డాడు. కాసేపటికి పిడికిలి వదులైంది. ఎలాగూ పోయేవాడినే, పోయేలోపు ఒక్కసారి ఆమె మొగుడిలా బతికి పోతాను, అనుకున్నాడు. నీలం బిళ్ళ తీసి, మంచినీళ్ళడిగాడు.

గ్లాసు తెచ్చిన భార్య అతని అరచేతిలోకి చూసింది.

“మీ మందుల్లో నీలంది లేదే.”

“బలానికి. సోడా ఇచ్చాడు.”

“దేనికి బలం?”

అతను తల దించుకున్నాడు. “నువ్వు నా పక్కన పడుకుని రెండు నెలలైంది. నాలుగు రోజుల్లో పోతాను, అప్పటిదాకా కూడా ఆ దిండేనా?”

“ఎవరు పోయేది?”

“ముప్పై ఏడొచ్చాయే.”

ఆమె గ్లాసు కింద పెట్టి, బిళ్ళ లాక్కుని, పిడికిట్లో దాచింది. “నేను దిండు పెట్టింది మీరు అక్కర్లేకనా? నా చేతుల్లోనే మీకేదన్నా అయితే నేను బతుకుతానా?” అంది. తర్వాత ముక్కు తుడుచుకుని, “ఆ పుస్తకమేదీ?” అంది.

విషయసూచికలో చివరి వరస: ‘దాంపత్య జీవితం, 23’. పుస్తకం ఇరవై రెండుతో అయిపోయింది.

“ఇరవై మూడేదండీ?”

ముప్పై ఏళ్ళలో ఒక్క పేజీ పోగొట్టని బైండర్ ముఖం పాలిపోయింది. ఆమె వెనకట్ట అంచున గోరు పెట్టి చూసింది. అట్టకీ, లోపలి తెల్లకాగితానికీ మధ్య చివరి పేజీ అతుక్కుపోయి ఉంది. పొయ్యి మీద నీళ్ళు మరిగించి, ఆవిరి పట్టి, కొసలు ఊడదీసింది. చిన్న అక్షరాలు చదవడం ఆమెకి రోజూ ఉండే పనే.

“‘ఛాతీనొప్పికి నాలుక కింద మాత్ర వాడేవారు లైంగిక సామర్థ్యం పెంచే మందులు వేసుకోరాదు. రెండూ కలిస్తే రక్తపోటు ఒక్కసారిగా పడిపోయి ప్రాణం పోవచ్చు.’”

బైండర్ నాలుక మీద మాత్ర రుచి ఇంకా పోలేదు.

ఆమె ఆసుపత్రికి ఫోన్ చేసి, వాళ్ళు నడిపించొద్దంటే సోడాని రప్పించి, బైండర్‌ని కుర్చీలో కూర్చోబెట్టి కిందికి దింపించింది. నీలం బిళ్ళ ఆమె సోడా చేతిలోనే పెట్టింది.

రెండ్రోజులు పరీక్షలు చేశారు, మందు మార్చారు. ఈసారి డాక్టరు తలుపు దాకా వెళ్ళేలోపే ఆమె అడిగేసింది: “మేమిద్దరం మళ్ళీ ఎప్పుడు కలవొచ్చు?”

“ముందే అడగాల్సిందమ్మా,” అని డాక్టరు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. నెలపాటు రోజూ నడక. నొప్పి లేకుండా మెట్లెక్కగలిగాకే. కడుపునిండా తిన్న వెంటనే వద్దు. నొప్పొస్తే ఆపేసి చెప్పాలి. గోడవైపు చూస్తూనే బైండర్ అన్నీ వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాడు.

ఇంటికొచ్చిన రోజు మెట్టు మెట్టుకీ ఆగి ఎక్కాడు. ముప్పై ఆరు అయ్యాక, ముప్పై ఏడోదాని కోసం భయంభయంగా కాలెత్తాడు. అక్కడ మెట్టు లేదు. గచ్చు మీద కాలు తడబడి పడబోతే భార్య పట్టుకుంది. ఇద్దరూ గడప దగ్గరే ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు.

నెల తర్వాత శనివారం, నడకకెళ్ళి కబుర్లాడుకుంటూ ఇద్దరూ కలిసే మెట్లెక్కారు. ఆమె కిటికీ తెర లాగి, మంచం మీద కూర్చుంది.

“ఆయాసమా?”

“లేదు.”

“నొప్పి?”

“లేదు. కానీ…” బైండర్ గుండె దడదడలాడింది. “మాటల్లో పడి మెట్లు లెక్కపెట్టలేదే. కిందికెళ్ళొస్తాను.”

ఆమె అతని చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. “మీ అడుగులు నేను లెక్కపెట్టాను.”

“ఎన్ని?”

“అవే,” అంది, మధ్యలో ఉన్న దిండు తీసి కుర్చీలో పడేస్తూ.