రెండు గీతల మధ్య దూరం

సాయంత్రంలోగా ఫ్రిజ్‌లోని పాత శాంపిళ్లన్నీ పారేయాలని నోటీసు అంటించారు. హనుమకొండలోని ఆ కాలేజీలో పదార్థంలోని పరమాణువులను గీతలుగా చూపే ఎన్ఎంఆర్ మిషన్ నడిపే సబియా చేతికి చివరగా తగిలింది ప్రేమలత సీసా. మూతకు చుట్టిన టేపు మీద ఆమె గుండ్రటి అక్షరాలు ఇంకా చెరిగిపోలేదు.

ప్రేమలత పీహెచ్‌డీ చేసిన నాలుగేళ్లూ ఇద్దరూ ఒకే బెంచీ మీద అన్నం తిన్నారు. చివర్లో ఆమె తయారుచేసిన భాస్వరం పదార్థంలో, ఒక్క హైడ్రోజన్ గీత రావాల్సిన చోట ఎడంగా రెండొచ్చాయి. "సరుకు కల్తీ, మళ్లీ చెయ్యి" అన్నారు గైడు రాజేశ్వర్ రావు. ఆరుసార్లు చేసింది. ఆరుసార్లూ రెండే. ఏడోసారికి ఓపిక లేక నర్సంపేటలో జూనియర్ కాలేజీలో చేరిపోయింది. మూడేళ్లయింది. మొదట్లో ఫోన్ ఎత్తి 'బిజీ అక్కా' అనేది, తర్వాత ఎత్తడమే మానేసింది. సబియా మాత్రం ఇప్పటికీ టిఫిన్‌లో వంకాయ పెట్టుకోదు, లతకు పడదని.

సీసా పారేయడానికి చేతులు రాలేదు. భాస్వరాన్ని కూడా చూడగల కొత్త ప్రోబ్ పోయిన నెలే మిషన్‌కు బిగించారు. ముందు హైడ్రోజన్ చూసింది. అవే రెండు గీతలు, మధ్య దూరం ఆరువందల తొంభై ఏడు హెర్ట్జ్. తర్వాత భాస్వరం చూసింది. అక్కడా రెండే. కొలిచింది. ఆరువందల తొంభై ఏడు.

కల్తీ కాదు. పక్కనే అంటుకుని ఉన్న భాస్వరం హైడ్రోజన్ గీతను రెండుగా చీల్చింది. హైడ్రోజన్ కూడా దాన్ని అంతే దూరానికి చీల్చింది. వెనకటి ప్రోబ్‌కు భాస్వరం కనపడక, దాని దెబ్బ మాత్రమే కనపడింది.

ఈసారి లత ఫోన్ ఎత్తింది.

"నీ సరుకు మంచిదేనే. కొత్త ప్రోబ్‌తోని భాస్వరం గూడ చూసిన, రెండు దిక్కులా ఒకటే దూరమొచ్చింది."

అవతల స్టాఫ్‌రూంలో ఎవరో నవ్వుతున్నారు.

"ఇప్పుడు చెప్తే ఏం లాభమక్కా" అంది లత. మళ్లీ తనే, "గీతలు రెండు ఒకటే ఎత్తున్నయా?"

"ఒకటే ఎత్తు, కల్తీ అయితే అట్లుండవు. సీసా పారేయమంటాండ్రు, ఏం జెయ్యమంటవ్?"

"ఉంచు. సోమవారం సెలవు పెట్టి వస్త." నవ్వుల చప్పుడు దూరమైంది, బయటికి నడిచినట్టుంది. "నీ నంబర్ చూస్తే ఆ మిషన్ గది యాదికొస్తదని ఎత్తలేదక్కా."

"వచ్చినంక తిడ్త గని, ఏం వండుకరావాలె?"

"ఏదైనా. వంకాయ గూడ తింటాన, ఈడ అందరు అదే తెస్తరు."

సబియా సీసా మీద 'ఉంచాలి' అని చీటీ అంటించింది.

"మంచిది, గుత్తొంకాయ తెస్త" అని సీసాను మళ్లీ ఫ్రిజ్‌లో పెట్టింది.